రాతినార మెత్త వెంట జైనూరు దాకా

పాడుబడ్డ ఇల్లు కనబడితే నా కాళ్లు ఆగవు. మెట్‌పల్లి హైస్కూల్లో డ్రాయింగు మాస్టరును. పోలీసు చర్య తర్వాత దొరలు విడిచిపోయిన గడీలు, కప్పు కూలిన కచేరీలు, తలుపులు ఊడిన పాత పన్ను నాకాలు, మా ఊరి చుట్టూ ఇరవై మైళ్లలో నేను కూర్చొని బొమ్మ గీయనిది లేదు. "మీరు పోయిన జన్మల గబ్బిలమై పుట్టి ఉంటరు" అంటుంది మా ఇంటామె. మొన్న దీపావళికి ముందు వారం రోజులు సెలవు పెట్టి గోదావరి అవతలికి పోయింది కూడా ఆ పిచ్చితోనే. బొమ్మలు గీసుకుందామని బయలుదేరినవాణ్ని, ఒక మెత్తను వెతుక్కుంటూ కొండలెక్కి వచ్చాను. మెత్త అంటే మా దిక్కున తలకింద పెట్టుకునేది. కోస్తా పాఠకులు దిండు అనుకోవాలి.

ఆ దిక్కు వెళ్లనివాళ్ల కోసం రాస్తున్నాను. నాలాగే కూలిన గోడల మధ్య తిరిగే అలవాటున్నవాళ్లు మరికొంచెం జాగ్రత్తగా చదవాలి.

గోదావరి దాకా

నాకు తోడు వచ్చినవాడు దూదేకుల ఇమాం. మా వాడకట్టు మనిషే, నాకంటే రెండేండ్లు చిన్న. చలి ముదరకముందే దూదేకే విల్లు భుజాన వేసుకొని ఊళ్లు తిరుగుతాడు. విల్లుకున్న నరాన్ని దూదిలో ఉంచి కొయ్యతో కొడుతుంటే ముద్దకట్టిన పాత దూది నురగలా లేస్తుంది. అప్పుడు దాన్ని పరుపుల్లోకో మెత్తల్లోకో కూరి కుడతాడు. బెల్లంపల్లి బొగ్గుబాయిల దగ్గర కొలువు చేసేవాళ్ల ఇండ్లు వరసగా ఉంటాయి, పని బాగా దొరుకుతుందని విన్నాడట. "మీరు బొమ్మలు గీసుకోండ్రి, నేను మెత్తలు కుట్టుకుంట. ఇద్దరం గల్సి పోదాం సారూ" అన్నాడు.

జగిత్యాల బస్సు దగ్గరే తకరారు మొదలైంది. విల్లు మనిషికంటే పొడుగు. కండక్టరు దాన్ని ఎగాదిగా చూశాడు.

"దీనికి టికెట్ తీయాలె."

"విల్లుకు టికెటేంది భాయ్? గిదేమన్న మనిషా?"

"లోపల పెడితే ఇద్దరి జాగ తింటది. మీద కట్టు, ఫికర్ లేదు."

మీద కట్టారు. బస్సు కాస్త వేగం అందుకోగానే ఎక్కడి నుంచో ఒక మూలుగు మొదలైంది. డ్రైవరు బస్సు ఆపి, దిగి ఇంజను మూత తెరిచాడు. ఏమీ లేదు. ఎక్కాడు. మళ్లీ మూలుగు. మళ్లీ దిగాడు. మూడోసారి ఆగినప్పుడు ఇమాం నా చెవిలో, "సారూ, అది నా విల్లు. గాలికి నరం మోగుతుంది" అన్నాడు. చెప్పమన్నాను. తన్నులు తింటానేమోనని భయపడ్డాడు. చివరికి నేనే చెప్పాను. డ్రైవరు ఒక నిమిషం మా ఇద్దరినీ గుడ్లురిమి చూసి, పక్కున నవ్వి, "గట్లయితే మోగనియ్. హారన్ ఖరాబయింది, పనికొస్తది" అన్నాడు. ధర్మపురి దాకా ఆ సంగీతంతోనే పోయాం.

ధర్మపురి దాటాక గోదావరిని పడవ మీద దాటాలి. నీళ్లు ఇంకా నిండుగానే ఉన్నాయి. పడవలో మా పక్కన ఒక ముసలమ్మ గంపెడు సీతాఫలాలతో కూర్చుంది. నయా పైసలు వచ్చి ఇన్నేండ్లయినా ఆమె బేరమంతా అణాల్లోనే. అర్ధణాకు మూడంటుంది, మనం పైసలిస్తే అనుమానంగా తిప్పి చూస్తుంది. ఇమాం విల్లు చూసి, "ఏం వేటకు పోతున్నరు బిడ్డా?" అని అడిగింది. "నిద్ర వేటకు అవ్వా" అన్నాడు ఇమాం. ఆ మాటకు సంతోషించి మరో రెండు పండ్లు ఊరికే ఇచ్చింది. అవతలి ఒడ్డు చేరేదాకా పండ్లు తిని గింజలు గోదాట్లోకి ఊస్తూ పోయాం.

బెల్లంపల్లి

లక్సెట్టిపేట మీదుగా మంచిర్యాల చేరి, అక్కడ రైలెక్కి దీపాల వేళకు బెల్లంపల్లిలో దిగాం. ఒక చాయ్ హోటలు వెనక గదిలో బస.

మా మెట్‌పల్లిలో కొత్త మనిషి కనిపిస్తే "ఎవరింటికి వచ్చిండ్రు?" అంటారు. బెల్లంపల్లిలో "ఏ పాళీ?" అని అడుగుతారు, అంటే బాయిలో ఏ వేళ పని అని. ఊరంతా బాయి సైరను కూత వేళకు లేచి కూత వేళకు పడుకుంటుంది. ఒక బల్ల మీద తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంకా నాకు తెలియని రెండు భాషలు కలిసి చాయ్ తాగుతాయి. చాయ్ సాసర్లో పోసుకొని ఊదుకుంటూ తాగాలి. కప్పుతో తాగితే కొత్తవాడని ఇట్టే పట్టేస్తారు. ప్రతి ఇంటి ముందూ బొగ్గు కుంపటి, ప్రతి తీగ మీదా ఆరేసిన బట్టలు. ఉతికిన బట్ట ఆరేలోగా సగం నలుపెక్కుతుంది. అయినా ఆడవాళ్లు నవ్వుతూనే మళ్లీ దులుపుతారు. ఆ రాత్రి జొన్నరొట్టె, పచ్చిపులుసు, వేయించిన ఎండుచేపలు తిన్నాం.

చూడదగ్గ పాత కట్టడం ఏదైనా ఉందా అని హోటలతన్ని అడిగాను.

"స్టేషనుకు మైలు దూరంల పత్తి మిల్లుంది. సేటు సచ్చిపోయిండు, కొడుకులు కొట్లాడి తాళమేసుకున్నరు. తాళం గూడ ఎవడో ఎత్తుకపోయిండు" అన్నాడు.

పత్తి మిల్లు అనగానే ఇమాం చెవులు నిక్కబొడుచుకున్నాయి.

మూతబడ్డ మిల్లు

పొద్దున్నే పోయాం. పొడుగాటి చిమ్నీ మీద గద్దగూడు. గింజ తీసే యంత్రాలుండిన హాల్లో ఇప్పుడు పావురాలు తప్ప ఎవరూ లేరు. దాని వెనక బాయిలరు గది. నిజం చెప్పాలంటే అంత అందమైన గదిని నేను ఏ గడీలోనూ చూడలేదు. కుప్పకూలిన ఏనుగులా బాయిలరు. దాని నుంచి గోడలకు పాకిన లావు పైపులు. పైపుల మీద తెల్లటి పూత అక్కడక్కడా పగిలి, పాత పుండుకట్టులా పోగులు వేలాడుతున్నాయి. కప్పు రేకులు విరిగిన చోటు నుంచి ఎండ నిలువుగా దిగింది. నేను అడుగు వేసినప్పుడల్లా ఆ ఎండలో తెల్లని నలుసులు లేచి మెరుస్తున్నాయి. వాటిని కాగితం మీదికి ఎలా తేవాలా అని నోరు తెరుచుకొని చూస్తూ నిలబడ్డాను. వేలాడే ఒక పెచ్చు బొమ్మకు అడ్డం వస్తోందని చేత్తో లాగి పడేశాను కూడా.

"సారూ! జల్ది రాండ్రి!"

పక్కనున్న చీకటి కొట్లోంచి ఇమాం కేక. అక్కడ ఆరు గోనెసంచులు. ఒకటి చినిగి లోపలి తెల్లదనం బయటికి వచ్చింది. ఇమాం పిడికెడు తీసి వేళ్ల మధ్య సాగదీస్తున్నాడు.

"గింజ లేదు, పొట్టు లేదు. సిల్కు లెక్క జారుతుంది. జర చల్లగ గూడ ఉంది. ఇది ఏ దేశం పత్తో! ముప్పై ఏండ్ల సంది దూది ఏకుతున్న, గిసొంటిది చూడలే."

బయటికి తెచ్చి బీడీ నిప్పు అంటించాడు. దూది కాలలేదు, నల్లబడను కూడా లేదు. మేమిద్దరం పిల్లల్లా గంతులేశాం.

"అగ్గి పడ్డ కాలని పరుపు సారూ! గీ బొగ్గు కుంపట్ల ఊర్ల గిసొంటి పరుపు కుడితే నా ఇంటి ముంగట లైన్ కడతరు!"

ఒక మూట కట్టుకొని హోటలుకు తెచ్చాడు. మధ్యాహ్నం అరుగు మీద కూర్చొని, ఏకే అవసరం కూడా లేకుండా, పూల గుడ్డ గలేబులో కూరి ఒక మెత్త కుట్టాడు. నేను తలపెట్టి చూశాను. మేఘం మీద పడుకున్నట్టుంది.

అప్పుడే ఒక గోండు పెద్దమనిషి చాయ్‌కి వచ్చాడు. పేరు జంగు, జైనూరు అవతల గూడానికి పటేలు. దండారి పండుగకు గజ్జెలు, గుడ్డలు కొనడానికి వచ్చి, సాయంత్రం రైలుకు తిరిగిపోతున్నాడు. మెత్తను చేత్తో నొక్కి చూసి వదల్లేకపోయాడు.

"మా అవ్వకు మెడ గుంజుతది, నిద్ర రాదు. గిది ఇస్తవా?"

దానికి మారుగా ఒక సీసా అడవి తేనె ఇచ్చాడు. ఇమాం ఆ తేనె నాకు రుచి చూపిస్తూ, "చూసిండ్రా సారూ, మొదటి మెత్త ఒక తల్లికి పోయింది. మంచి శకునం" అన్నాడు.

దూది మీద నీళ్లు

మర్నాడు ఇమాం పెందలాడే మిల్లు ముందు వేపచెట్టు కింద చాప పరిచాడు. సంచులన్నీ ఏకి పరుపులు చేయాలని సంకల్పం. మొదటి సంచి కుమ్మరించి, విల్లు సరిచేసుకొని, కొయ్య ఎత్తాడు. నేను పక్కనే కూర్చొని ఆ భంగిమనే గీస్తున్నాను.

ఒకామె కడవతో పరుగెత్తుకొచ్చింది. యాభై ఏండ్లుంటాయి. మాటా పలుకూ లేదు. వచ్చిన వేగంతోనే కడవెడు నీళ్లూ ఆ తెల్లని కుప్ప మీద గుమ్మరించింది.

ఇమాం గావుకేక పెట్టాడు. దూదేకులవాడికి దూది మీద నీళ్లంటే రైతుకు కల్లంలో వాన.

"నీకేం పాపం చేసిన అమ్మా! గింత మంచి దూది నాశనం జేస్తివి గదా!"

"తియ్! చేతులు తియ్! విల్లు గొట్టకు!" అంటూ ఆమె వెనక్కి చూపించింది. "అగో, మా ఆయన వస్తుండు. పిలుద్దామంటే ఆయనకు దమ్ము లేదు. అందుకే నేను ఉరికొచ్చిన."

దారిమీద ఒక మనిషి చేతికర్ర మీద వాలి నిలబడ్డాడు. పది అడుగులు వేయడం, ఆగడం, నోటితో గాలి గుంజుకోవడం, మళ్లీ పది అడుగులు. ఆ కొద్దిదూరం రావడానికి ఆయనకు పట్టిన సేపట్లో ఇమాం కోపం దానంతట అదే చల్లారిపోయింది. ఆయన పేరు నర్సింగు మేస్త్రి. ఇదే మిల్లులో బాయిలరు పనిచేసినవాడు. ఆమె రాజవ్వ. వాళ్ల ఇల్లు మిల్లుకు ఎదురుగానే ఉంది.

మేస్త్రి చాప పక్కన కూర్చొని దమ్ము కూడగట్టుకున్నాడు. తర్వాత ఒక్కొక్క మాటా తీశాడు.

"గిది దూది గాదు తమ్మీ. రాతినార. ఇంగిలీషుల ఆస్బెస్టాస్ అంటరు. రాయిని పోగులు జేస్తే గిట్లయితది. అందుకే కాలదు."

ఆవిరి పైపుల వేడి బయటికి పోకుండా ఈ నారను నీళ్లలో కలిపి పైపులకు మెత్తేవారట. సంచులు విప్పి పొడి నారను చేత్తో విడదీసే పని నలుగురిది. సాయంత్రానికి కనుబొమ్మలు కూడా తెల్లబడేవి. ఒకరినొకరు చూసి నవ్వుకునేవారు.

"నలుగుట్ల ఇద్దరు పోయిండ్రు. ఒకడు వాని ఊరికి పోయిండు, ఖబర్ లేదు. నేనున్న. హైదరాబాదుల పెద్ద దవాఖానల ఫొటో దీసిండ్రు. ఊపిరితిత్తులల్ల సూదుల లెక్క దిగిందట. బయటికి రాదట."

"ఒక్కనాడు పీలిస్తే?" అని అడిగాను.

"నేను గూడ గదే అడిగిన. ఎంత పీలిస్తే ఎంత ఖరాబయితదో తెల్వదన్నడు డాక్టరు. నాకైతే పన్నెండేండ్లకు తెలిసింది. పీల్చకపోవుడే మందు అన్నడు." ఇమాం చేతిలోని విల్లు వైపు చూశాడు. "దాంతోని కొడితే వాడకట్టంత లేస్తుండె. నీకు, గీ సారుకు, ఆడుకునే పోరగాండ్లకు, అందరికి."

ఇమాం విల్లు కింద పెట్టాడు. "సారూ, మెత్త" అన్నాడు.

మెత్త మాట నాకూ అప్పుడే గుర్తొచ్చింది. ఒక ముసలితల్లి ముక్కు కింద, రాత్రంతా.

"ఇయ్యాలనే పోదాం" అన్నాను.

"ముందుగాల మీ ఒళ్లు కడుక్కోండ్రి" అంది రాజవ్వ. ఆమె మాటకు ఎదురు లేదు. అంగీలు దులపనివ్వలేదు, విప్పించి నేరుగా నీళ్ల తొట్టిలో వేయించింది. తలమీద నుంచి నీళ్లు పోయించింది. మేస్త్రి లుంగీ, అంగీ నాకిచ్చింది. ఆయనది బక్క ఒళ్లు, బొత్తాలు కలవలేదు. ఇమాంకు తన పాత చీర ముక్క లుంగీగా దొరికింది, ఎర్రటిది, నెమళ్ల అంచుది. మా అవతారాలు చూసి మేస్త్రికి నవ్వొచ్చింది, నవ్వుకు దగ్గొచ్చింది, దగ్గులో కూడా నవ్వుతూనే ఉన్నాడు. "నవ్వియ్యకుండ్రి, సంపుతరు" అని చేతులూపాడు.

తర్వాత రాజవ్వతో కలిసి ముగ్గురం ముక్కులకు తడిగుడ్డలు కట్టుకొని, కుప్పను బాగా తడిపి సంచికెత్తి, కొట్లోకి చేర్చి తలుపుకు ముళ్లకంప అడ్డం కొట్టాం. మేస్త్రి ఇంట్లో కొద్దిగా తారు ఉంది. దానితో మిల్లు గోడ మీద నేను ఒక బొమ్మ గీశాను. రొమ్ము పట్టుకొని నోరు తెరిచిన మనిషి, పక్కన సంచి, సంచి మీద అడ్డగీత. కింద తెలుగులోనూ ఉర్దూలోనూ "ఇది దూది కాదు, ముట్టవద్దు" అని రాశాను. నా జన్మలో పాడుబడ్డ గోడను చూసి గీసిన బొమ్మలు వందలున్నాయి. గోడ మీదనే గీసింది ఇదొక్కటే.

రాజవ్వ సర్వపిండి కాల్చి, దారిలో తినడానికి మూటగట్టి ఇచ్చింది. మేస్త్రి ఇమాం భుజం మీద చెయ్యేసి, "మామూలు దూది ఏకేటప్పుడు గూడ మూతికి గుడ్డ గట్టుకో. దుమ్ము ఏదైన దుమ్మే" అన్నాడు.

నాలాంటివాళ్లకు ఇక్కడే చెప్పాలి. మూతబడిన కార్ఖానాలో పైపుల మీద తెల్లటి కట్టు కనబడితే, విరిగిన సిమెంటు రేకులు కుప్పపడి ఉంటే, ముట్టకండి, విరవకండి, ఊడవకండి. బయట నిలబడి బొమ్మ గీసుకోండి. బొమ్మకు ఏమీ తక్కువ కాదు.

కెరమెరి ఘాటు

రైల్లో ఆసిఫాబాద్ రోడ్డు, అక్కడి నుంచి బస్సులో ఆసిఫాబాద్ మీదుగా కెరమెరి. రాత్రి బడి అరుగు మీద పడుకొని, మర్నాడు తెల్లవారి జొన్నల బండి ఒకటి పట్టుకున్నాం. బండి తోలే తుకారాం మాటల్లో సగం మరాఠీ. "కాయ్ సారు, గీ నెమళ్ల లుంగాయన నీకేమైతడు?" అని అడిగాడు. ఇమాం అంగీ ఆరింది కాని లుంగీ ఇంకా తడిగానే ఉండడంతో రాజవ్వ చీర ముక్కతోనే ఉన్నాడు. దారిలో కనిపించిన ప్రతివాళ్లూ ఆ అంచు చూసి నవ్వేవారు. ఇమాం మాత్రం నవ్వలేదు. సర్వపిండి కూడా ముట్టలేదు.

ఘాటు మొదలైన దగ్గర ఎద్దులకు బరువు తగ్గించడానికి దిగి నడిచాం. ఎంత పచ్చదనమో ఆ కొండలకు! మలుపు మలుపుకూ ఒక కొత్త లోయ. మా మెట్‌పల్లి దిక్కున నేలంతా అరచేయిలా ఉంటుంది, పొలం గట్టెక్కితే పక్క ఊరు కనిపిస్తుంది. ఇక్కడ పక్క మనిషి కూడా మలుపు తిరిగితే మాయమే.

ఇమాం ఆగి, "సారూ, పటేలుకు ఏం జెప్పాలె?" అన్నాడు.

"మెత్తల పురుగులున్నయని చెప్పు. అందరూ నమ్ముతరు. నీ పేరు ఖరాబు గాదు."

ఇమాం విల్లు ఆ భుజం నుంచి ఈ భుజానికి మార్చుకొని నడిచాడు.

పై మలుపులో డప్పుల చప్పుడు వినిపించింది. ముప్పై నలభై మంది దండారి బృందం పక్క కొండ దిగి మా దారిలోకి వస్తోంది. ముందు నలుగురు గుస్సాడీలు, వేషం కట్టిన ఆటగాళ్లు. తల మీద నెమలీకల కిరీటం ఒక్కొక్కటి గంపంత, ఒంటినిండా బూడిద, మెడలో పూసలు, నడుముకు గజ్జెలు. దండారి రోజుల్లో ఒక గూడెంవాళ్లు ఇలా మరో గూడానికి ఆడుతూ పాడుతూ చుట్టపుచూపుగా పోతారట. గుస్సాడీలలో దేవుడుంటాడని వాళ్ల నమ్మకం. తుకారాం తలపాగా తీసి దండం పెట్టాడు, మేమూ పెట్టాం. బృందం పెద్దాయన మమ్మల్ని చూసి "రాం రాం" అన్నాడు. జంగు పటేలు గూడెం ఎటని అడిగితే, "మేం గూడ ఆడికే. మాతోని రాండ్రి" అన్నాడు. ఇక అక్కడి నుంచి బండి వదిలి డప్పుల వెనక నడక. అలసట తెలిస్తే ఒట్టు.

జంగు పటేలు గూడెం

జైనూరు దాటి మరో రెండు కోసులు నడిచాక, పొద్దు నెత్తిమీది నుంచి వాలుతుండగా గూడెం చేరాం. ఊరంతా ఎదురొచ్చింది. చుట్టాల కాళ్లమీద ఆడవాళ్లు చెంబులతో నీళ్లు పోస్తున్నారు. ఆలింగనాలు, రాం రాంలు. మా ఊళ్లో నలుగురు చుట్టాలు ముందుగా ఉత్తరం రాయకుండా దిగితే వంటింట్లో గిన్నెలు మోగుతాయి. ఇక్కడ నలభై మంది వస్తే నలభై మందికీ నవ్వే ఎదురొచ్చింది. ఆ వరసలో మా కాళ్లు కూడా కడిగారు. ఇమాం సిగ్గుతో వెనక్కి తగ్గితే ఒక పిల్ల అతని కాలు పట్టుకొని మరీ నీళ్లు పోసింది.

జంగు మమ్మల్ని చూసి చేతులు చాచాడు. "మెత్తల మేస్త్రీ! పండుగకు వస్తివా! మా అవ్వ రాత్రంత కండ్లు తెరవకుండ పండుకున్నది. నీ పేరే జెప్తుంది." చుట్టాల పెద్దలందరికీ వినిపించేలా అన్నాడు. మాకు మంచాలు వాల్చి, ఆకు విస్తళ్లలో జొన్నగట్క, కందిపప్పు పెట్టించాడు.

ఇమాం విస్తరి ముట్టలేదు. లేచి నిలబడ్డాడు. నేను పురుగుల మాట చెబుతాడనుకున్నాను.

"పటేలా, నేను తినలేను. నీకిచ్చిన మెత్తల ఉన్నది దూది గాదు. రాతినార. అది పీలిస్తే మనిషికి దమ్ము పోతది. నాకు తెల్వక కూరిన. ముప్పై ఏండ్ల సంది దూది ఏకుతున్న, దూదికి రాయికి తేడా తెల్సుకోలేదు. తప్పు నాది. మెత్త వాపసియ్యి, నీ తేనె సీస ఇగో. సగం తాగినం."

డప్పులు ఆగిపోయాయి. జంగు ముఖం గట్టిపడింది. పరాయి ఊరు, నలభై మంది చుట్టాల ముందు ఆ మనిషి తల్లి మాట.

"గా ముచ్చట జెప్పనీకె కొండెక్కి వస్తివా?" అన్నాడు జంగు.

"ఔను."

"రాకపోతే మాకు తెల్వకపోవు."

"నాకు తెల్సు గద పటేలా."

చుట్టాల పెద్దాయన గడ్డం సవరించుకొని, "రాయిని మెత్తగ జేసి మెత్త గుట్టిండు. మొనగాడే" అన్నాడు. ఎవరో నవ్వారు. జంగు మూతి కూడా వంకరపోయింది. మరుక్షణం ఊరంతా నవ్వింది. "ముందు తిను. ఆకలి మీద తప్పు ఒప్పుకునుడు మంచిది గాదు" అని జంగు ఇమాంను భుజాలు పట్టి కూర్చోబెట్టాడు. ఇమాం రెండు రోజుల తిండి ఒక్క పూటలో తిన్నాడు.

అసలు కష్టం జంగు తల్లితో వచ్చింది. ఎనభై దాటిన మనిషి, మెత్తను చంకలో పెట్టుకొని కూర్చుంది. ఆమెకు గోండి తప్ప మరో మాట రాదు. కొడుకు ఎంత చెప్పినా వినలేదు. నీళ్లు చల్లబోతే గొడవపెట్టింది. చివరికి ఇమాం ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చొని, తన విల్లు చూపించి, మెత్త చూపించి, పొద్దు వైపు వేలు చూపించాడు. పొద్దు మునిగేలోగా కొత్తది ఇస్తానని అర్థం. ఆమె విల్లును పట్టి చూసింది. నరాన్ని మీటి చూసింది. మెత్తను వదిలింది.

దాన్ని నిండా తడిపి, తడి గోనెలో చుట్టి, ఊరికి, వాగుకు, చేన్లకు దూరంగా ఒక గట్టి దిబ్బలో నడుములోతు గొయ్యి తవ్వి పూడ్చాం. ఆమె పడుకున్న బొంతను, చీరను నేను, జంగు కలిసి నీళ్లల్లో ముంచి ఉతికాం. పటేలు బట్టలుతుకుతుంటే ఆడవాళ్లు ఒడ్డున నిలబడి చేసిన వేళాకోళం నాకు భాష రాకున్నా అర్థమైంది.

ఇంటి అటక మీద ఎండాకాలం ఏరిపెట్టిన బూరుగు దూది ఉంది. దించి చాప మీద ఎండలో పోశారు. ఇమాం మూతికి గుడ్డ కట్టుకున్నాడు, విల్లు దించాడు, కొయ్య ఎత్తాడు.

తుంయ్. తుంయ్. తుంయ్.

ఆ చప్పుడు అక్కడ ఎవరూ విని ఎరగరు. పిల్లలు చుట్టూ మూగారు. ఒక డప్పువాడు తల పక్కకు వంచి విని, ఒక దెబ్బ కలిపాడు. ఇంకొకడు కలిపాడు. ఇమాం వేగం పెంచాడు, డప్పులు పెంచాయి. గుస్సాడీలు లేచారు. నెమలీకలు ఊగుతున్నాయి, గజ్జెలు మోగుతున్నాయి, బూరుగు దూది గాలిలోకి తేలి ఎండలో మెరుస్తోంది. మొదటి నలుసు నా మీదికి రాగానే నేను ఉలిక్కిపడి రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. జంగు చూసి నవ్వి తనూ కండువా కట్టుకున్నాడు. అతన్ని చూసి పిల్లలంతా కట్టుకున్నారు. మూతులకు గుడ్డలతో ఊరు ఊరంతా ఆడింది. నేనూ ఆడాను. నలభై ఏడేండ్ల డ్రాయింగు మాస్టరు ఎలా ఆడతాడో మా బడిపిల్లలు చూడనందుకు దేవుడికి దండం.

పొద్దు ఇంకా బారెడు ఉండగా మెత్త తయారైంది. ముసలమ్మ దాన్ని నొక్కింది, తిప్పింది, వాకిట్లో మంచం మీద వేసుకొని తలవాల్చింది. జంగు చెయ్యెత్తి డప్పులు ఆపించాడు. అందరం చుట్టూ నిలబడి చూస్తున్నాం. ఆమె కళ్లు మూసుకుంది. ఒక నిమిషం, రెండు నిమిషాలు. గురక వినిపించింది. నలభై మంది చుట్టాలు, ఊరివాళ్లు, గుస్సాడీలు, ఎవరూ కదల్లేదు. దేవుళ్లు కూడా గజ్జె మోగకుండా నేలమీద కూర్చున్నారు. ఇమాం మంచం కాళ్ల దగ్గర కూర్చొని ఆమె ముఖం నుంచి చూపు తిప్పలేదు.

గంట గడిచి ఉంటుంది. ఆమె లేచి, చుట్టూ ఉన్న జనాన్ని చూసి ఆశ్చర్యపోయి, కొడుకుతో ఏదో అంది. జంగు ఇమాం వైపు తిరిగాడు.

"అవ్వ ఏమంటుందంటే, అది మెత్తగ ఉండె గని దానికి వాసన లేకుండె. గిది ఎండ వాసనొస్తుందట."